నెగడు ముందు కూర్చున్న ఆయన

మా చిన్నప్పుడు నేనూ, పై పోర్షన్‌లో అద్దెకున్న లావణ్యా ఒకే మనిషిని ప్రేమించాం... ఒక్క రోజు కూడా గొడవ పడకుండా.

మధురానగర్‌లో మా ముందుగదిలో, నాన్న పాత చీరముక్క కప్పి భద్రంగా చూసుకునే కంప్యూటర్‌లో ఉండేవాడతను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల ముందు ఫుట్‌పాత్ మీద కొన్న గేమ్ సీడీ. అతనికేదో నోరు తిరగని పేరుండేది. మేం పలికేవాళ్లం కాదు. నాన్నని అమ్మ అన్నట్టు 'ఆయన' అనేవాళ్లం.

పొడుగాటి నల్లకోటు, కనుబొమ్మ మీద గాటు. సొంత ఊరినే తగలబెట్టినవాడు. హీరో కాదు, అలాగని విలనూ కాదు. ఎవరితోనూ మాట్లాడడు. పోరాటం అయిపోయాక అడవిలో నెగడు ముందు కూర్చుని, చేతి తొడుగు తీసి, కాలిన అరచేతిని చూసుకునేవాడు...

ఆ చోటుకి రాగానే మేం కీబోర్డు మీంచి చేతులు తీసేసేవాళ్లం. "ఎవరైనా ఒక్కసారి ప్రేమగా పిలిస్తే మారిపోతాడే పాపం" అనేది లావణ్య. వాళ్లది భీమవరం వైపు. గేమ్‌లో అతని కోసం ఎదురుచూసే అమ్మాయి ఒకతి ఉండేది. ఆమె అంటే మా ఇద్దరికీ పడేది కాదు.

మా వెనక ముక్కాలిపీట మీద సుజాతత్త కూర్చునేది. నాన్న చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే ఒక సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ఎందుకో పిల్లలకెవరూ చెప్పలేదు. పంజాగుట్టలో ఒక చీరల షాపులో పనికి కుదిరింది. సెలవు రోజున చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మా ఆట చూసేది.

ఒంటిపూట బడుల రోజులు. ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అత్త ఒక్కతే కంప్యూటర్ ముందుంది. ఆడటం ఆమెకు రాదు. ఎలా తీసుకొచ్చిందో మరి, అతన్ని నెగడు దగ్గర కూర్చోబెట్టింది. తెర మీద మంట కదులుతోంది. అత్త గొంతు తగ్గించి అతనితో మాట్లాడుతోంది.

"మాట్లాడకు... ఏం గాదు. నేను అడగనులే."

గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆ వారమే మామయ్య వచ్చాడు, అత్తను తీసుకుపోవడానికి. కుర్చీ అంచున కూర్చుని నేల చూస్తూ ఉండిపోయాడు. ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. నాన్న ఏదేదో అడుగుతుంటే తల ఊపాడంతే. తలుపు చాటున లావణ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అచ్చం ఆయనలాగే ఉన్నారే అంది చెవిలో. నాకూ అలాగే అనిపించింది... అంత బాధలో ఉన్న మనిషి వెంట అత్త ఎందుకు వెళ్లదా అనుకున్నాను.

పెద్దవాళ్లు సర్దుకుపొమ్మన్నారు. ఆదివారం పంపిస్తానని నాన్న మాటిచ్చాడు. అత్త ఆ వారం పనికి పోలేదు. మర్నాడు మా వెనక కూర్చుని అడిగింది.

"గీ ఆట ఆఖరుకు ఏమైతది? ఆ పిల్ల గిట్ల ఎదురుచూస్తే వాడు మంచిగైతడా?"

మాకూ తెలీదు. చివరి కోట దాటడం అప్పటికి మా వల్ల కాలేదు. ఇక బడి నుంచి రాగానే అదే పని. శనివారం సాయంత్రం కోట కూలింది. ఆ అమ్మాయి అతని కాలిన చేతిని పట్టుకుంది. అతను మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు... మేమిద్దరం ఏడ్చేశాం.

అత్త ఏడవలేదు. బొమ్మ మాయమయ్యేదాకా చూసి, మెల్లగా అంది.

"అంతమందిని సంపిండు గని... గా పిల్ల మీద ఒక్కసారి సుత చెయ్యెత్తలే, సూడు."

అత్త ఎడమచెయ్యి పూర్తిగా పైకి లేవదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు లేవదో నాకు తెలిసింది ఆ సాయంత్రమే.

లేచి వెళ్లి నాన్నతో, "నేను పోనన్నా" అంది. ఆదివారం వచ్చిన మామయ్యకు నాన్నే చెప్పి పంపేశాడు.

వెళ్లిపోయాడనుకున్నాం...

ఆ తర్వాత మామయ్య అత్త షాపు ఎదుట, కరెంటు స్తంభం పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. పిలిచేవాడు కాదు, దగ్గరికొచ్చేవాడు కాదు. చూస్తూ ఉండేవాడు. తొలకరి రోజుల్లో ఒకసారి నేనూ లావణ్యా అత్తకు తోడు వెళ్లాం. వానలో తడుస్తూ, తల వంచుకుని, మేం ప్రేమించిన మనిషిలాగే నిలబడి ఉన్నాడు. గేమ్‌లో ఆయన అలా నిలబడితే ఎంత మురిసిపోయేవాళ్లమో... ఇక్కడ నేను అత్త కొంగు పట్టుకున్నాను. అత్త నా భుజం వదలకుండా రోడ్డు దాటింది.

నాన్న రోజూ సాయంత్రం షాపుకి వెళ్లి అత్తను తీసుకొచ్చేవాడు. వానలు వెనకబట్టేసరికి అతను కనబడటం మానేశాడు. ఎక్కడికి పోయాడో ఈ రోజుకీ తెలీదు. తెలీదు కాబట్టే, అత్త ఇప్పటికీ ఎక్కడి నుంచి బయటికొచ్చినా ముందు ఎదుటివైపు చూస్తుంది.

లావణ్య మళ్లీ ఆ సీడీ ముట్టలేదు. అత్త మాత్రం సెలవు రోజున, "జర ఆయనను మంటకాడ కూసోవెట్టు బిడ్డా" అనేది. భయం వెయ్యదా అని అడిగాను ఒకసారి.

"మనిషి కాదు గద... ఏం చెయ్యడు" అంది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్ కవరు మీద ఇంకో గేమ్‌లోవాడు ఉన్నాడు. బూడిదరంగు కళ్లు, బిగించిన పెదవులు. వాడి కోసం అమ్మాయిలు బొమ్మలు గీస్తారట, కథలు రాస్తారట, పుట్టినరోజుకి కేకులు కూడా కోస్తారట. చూస్తే ముచ్చటేస్తుంది. వీడు ఎవరితోనూ మాట్లాడడమ్మా, అందుకే ఇష్టం అని అది అంటే మాత్రం నవ్వబోయి ఆగిపోయాను...

మేం ఒక్క తెర ముందు ఒకరినొకరు ఆనుకుని ప్రేమించాం. వీళ్లు వేలమందితో కలిసి ప్రేమిస్తున్నారు... గది తలుపు వేసుకుని, ఒంటరిగా.

మీకూ అలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. ఉంటే కింద కామెంట్లలో రాయండి... అత్తకు చదివి వినిపిస్తాను.