షుగరు డాక్టరు గారికి మా మేడం పెట్టిన పరీక్ష

తెనాలిలో మేము వెళ్ళే షుగరు డాక్టరు గారి ఆసుపత్రి వరండాలో పొద్దున్నే అల్లం పచ్చడి వాసన వస్తుంది. పరగడుపున రక్తం ఇచ్చినవాళ్ళంతా ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలు అక్కడే విప్పుతారు. తిన్నాక మళ్ళీ రక్తం ఇవ్వాలి గనక ఎవరూ కదలరు. పచ్చళ్ళూ, కబుర్లూ, అరికాళ్ళ మంటలూ ఒకరివొకరు పంచుకుంటూ కూర్చుంటారు. మొన్న రేపల్లె నుంచి అమ్మను తీసుకుని వెళ్ళినప్పుడు ఆ వాసనకు నాకు ఎప్పటిలాగే కామేశ్వరి మేడం గుర్తొచ్చారు. ఈ ఆసుపత్రిని మాకు వెతికిపెట్టింది ఆవిడే. ఇప్పుడావిడ లేరు.

మేడం బాపట్లలో ఒక చిన్న ప్రైవేటు స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్. సన్నటి మనిషి, గట్టి గొంతు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. నేను ఉద్యోగం కోసం వెళ్ళిన రోజు నా సర్టిఫికెట్లు ఒకసారి తిరగేసి పక్కన పెట్టి, నన్ను ఐదో తరగతి గదిలోకి తీసుకెళ్ళారు. భాగహారం ఎంత చెప్పినా ఎక్కని ఒక పిల్ల పక్కన కూర్చోబెట్టి, తాను కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ పిల్లకు ఆ రోజు కూడా భాగహారం రాలేదు గానీ నాకు మాత్రం ఉద్యోగం వచ్చింది. ఎందుకిచ్చారో అర్థం కాక ఆవిడనే అడిగాను.

"బాగా చదివే పిల్లలకు ఎవరైనా మంచి టీచరేనమ్మా. రాని పిల్ల తప్పు చెప్పినప్పుడు టీచరు మొహం ఎట్టా ఉంటుందో, అది చూస్తాన్నేను" అన్నారు.

అమ్మకు షుగరు వచ్చి అప్పటికే చాలా ఏళ్ళు. అప్పట్లో తెనాలిలోనే చూపించే ఇంకో డాక్టరు గారికి మంచి పేరుంది, అంతకు మించిన నోరూ ఉంది. అంకె పెరిగితే అందరి ముందూ కడిగేసేవారు. అందుకని అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. పరీక్ష దగ్గర పడుతోందనగా అన్నం మానేసి మజ్జిగ మీద ఉండేది, వీధి చివరిదాకా తెగ నడిచేది. పరీక్షలో మార్కులు బాగానే వచ్చేవి. ఇంటికి రాగానే ముద్దపప్పు, ఆవకాయ. మా వీధిలో షుగరున్న వాళ్ళందరిదీ ఇదే పద్ధతి, ఒకరికొకరు నేర్పుకున్నారు. మాత్రలు మాత్రం ఎవరూ మానరు, అది పెద్ద తప్పని వాళ్ళకు తెలుసు.

అలా కడుపులో ఏమీ లేకుండా మాత్ర వేసుకుని అమ్మ ఒకరోజు నాతో తెనాలి బండెక్కింది. వేమూరు దాటాక ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. ఎదురుగా కూర్చున్నావిడ చూసి, "షుగరు పడిపోయిందమ్మా, నాకూ ఇట్టాగే అయ్యింది" అంటూ జ్యూసు సీసా మూత తీసి కొంచెం కొంచెంగా తాగించింది. అమ్మ చూపు నిలిపి నన్ను పేరు పెట్టి పిలిచేదాకా నా ప్రాణం నాలో లేదు.

మర్నాడు స్కూల్లో మేడం దగ్గర ఏడ్చేశాను. గుంటూరులో ఏదైనా పెద్ద ఆసుపత్రికి మార్చేస్తానన్నాను.

"నెల నెలా అంత దూరం తిప్పగలవా? షుగరంటే ఒక్కరోజు పెళ్ళి కాదమ్మాయ్, కాపురం" అన్నారు మేడం. "డాక్టరు దగ్గర్లో ఉండాలి, ఆ జబ్బుకు సంబంధించిన చదువు చదివుండాలి. ఆ రెండూ బోర్డు చూస్తే తెలుస్తాయి. మూడోది మనం వెళ్ళి కూర్చుని చూడాలి. పద, నాకూ కావాలిగా ఒక డాక్టరు."

మేడంకూ షుగరే. ఆవిడను చూసే పెద్దాయన ప్రాక్టీసు మానేశారు. అలా ఒక శనివారం ఇద్దరం తెనాలి వెళ్ళాం. మొదటి ఆసుపత్రిలో ఏసీ, మెత్తటి సోఫాలు. లోపలి నుంచి "నోరు కట్టుకోలేనివాళ్ళు నా దగ్గరికి రావద్దు" అని గట్టిగా వినిపించింది. పిట్టలవానిపాలెం రైతు ఒకాయన తల దించుకుని బయటికొచ్చాడు. మేడం సంచి తీసుకుని లేచారు.

రెండోది ఈ వరండా. గదికి తలుపు బదులు కర్టెనే ఉండడంతో మాటలన్నీ బయటికి వినపడేవి. వేటపాలెంలో జీడిపప్పు పనికి వెళ్ళే ముసలావిడ ఒకామె లోపల చెబుతోంది. "మనవరాలి పెళ్ళండి. లడ్డూలు తిన్నానండి. ఆపుకోలేకపోయా."

"తింటే తిన్నావులే మామ్మా. చెప్పావు, అది మంచిపని చేశావు" అన్నారు డాక్టరు గారు. "ఆ పూట అన్నమన్నా తగ్గించావా? ఏదీ, చెప్పులు తియ్యి, పాదాలు చూద్దాం."

మేడం నా చెయ్యి గిల్లారు. "ఈయన పాసు" అన్నారు.

తర్వాతి వారం అమ్మను తీసుకెళ్ళాను. మేడం కూడా వచ్చారు. డాక్టరు గారు, "ఈ నాలుగు రోజుల సంగతి వద్దమ్మా, మామూలప్పుడు ఏం తింటారో చెప్పండి" అన్నారు. అమ్మ నా వైపు చూసి నోరు మెదపలేదు. ఆయన మళ్ళీ అడిగినా అంతే. మేడం నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు.

"ఇప్పుడావిడ భయపడేది డాక్టరుకి కాదు, నీకు" అన్నారు.

"నాకా?"

"నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ పంచదార డబ్బా అటకెక్కుతుందట గదా. మీ అమ్మే చెప్పింది నాకు. తిట్టే టీచరు దగ్గరే పిల్లలు కాపీ కొట్టేది."

నాకు చాలా కోపం వచ్చింది. అమ్మను కాపాడుకోవాలని తాపత్రయపడింది నేను, ఈవిడెవరు మధ్యలో అనుకున్నాను. ఇంతలో కర్టెన్ వెనక అమ్మ గొంతు మొదలైంది. మజ్జిగ ఉపవాసాలు, పప్పులో పోసుకునే నెయ్యి, మధ్యాహ్నం కాఫీ, అన్నీ వరసగా చెప్పేస్తోంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. డాక్టరు గారు మాత్రలు మార్చారు. పస్తులుండి మాత్ర వేసుకుంటే ఏమవుతుందో అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ తర్వాత అమ్మకు మళ్ళీ అలా కాలేదు. అమ్మ ఇవాళ ఉందంటే ఆ రోజు వల్లే.

తెనాలిలో మంచి షుగరు డాక్టరు ఎవరని నన్ను చాలామంది అడుగుతారు. పేరు చెబుతాను గానీ, ముందెళ్ళి కాసేపు బయట కూర్చోండి, తిన్నానని చెప్పినవాళ్ళతో ఆయనెలా మాట్లాడతారో వినండి అంటాను. ఈ మాట నాది కాదు, మా మేడంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాటిలో ఇప్పటికీ నాకు కష్టంగా ఉండేది కూడా ఇదే, తిట్టకుండా వినడం.

సాయంత్రాలు అమ్మ రేపల్లె నుంచి ఫోన్ చేస్తుంది. "అమ్మాయ్, పక్కింటివాళ్ళు గారెలు పంపారే. తిన్నాను" అంటుంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను వెనక్కి నెడతాను.

"బాగున్నాయా అమ్మా?" అంటాను.