కండ్లు మూసి చదివే పురాణం

నేను నాలుగో తరగతిలో బడి మానేస్తే, ఎక్కువ లాభపడింది బడేనని మా బాపు అనేవాడు. నాకు అబ్బిన కాస్త పురాణం మా మేనత్త పెట్టిన భిక్షే.

మెట్‌పల్లిలో మా నేతగాళ్ల వాడకట్టుకు శ్రావణమాసమంతా ఆమే పురాణం చదివేది. కథ మంచి పట్టులో ఉండగా పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసేది. "కండ్లు మూసుకోండ్రి. గిదంత మీలోపలనే అయితున్నది. ఏం కనవడ్తుందో చెప్పుండ్రి" అనేది.

ఒక ఏడు కులపెద్దకు కోపం వచ్చింది. "పుస్తకంల ఉన్నది చదువు. గీ అడుగుడు బంద్ చెయ్యకుంటె పట్టాభిషేకం ఇంకొకరితోని చదివిస్త" అన్నాడు. ఆఖరి రోజు పట్టాభిషేకం చదవడమంటే మా వాడలో అన్నిటికన్నా పెద్ద గౌరవం. అత్త బెదరలేదు.

"జర నువ్వు సుత కండ్లు మూసుకో, పెద్దయ్యా. రాక్షసుల కోట కనవడ్తుందా?"

ఆయన విసుక్కుంటూనే మూశాడు. "ఆఁ, ఎత్తు గోడ. మా తమ్ముడు ఇంట్లకు రాకుంట నేను కట్టిన గోడ లెక్కనే ఉన్నది."

"మరి గా కోట ఎవరిది, పెద్దయ్యా?"

ఆయన కళ్లు తెరిచి, "పట్టాభిషేకం నువ్వే చదువు, బిడ్డా" అన్నాడు.

ఆమె మా మేనత్తేనని అడగనివాళ్లకు కూడా చెబుతూ ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. సాయంత్రం ఆమెతో, "అత్తా, నేను కండ్లు మూసుకుంటె నిద్రనే వస్తది గదా!" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. రాక్షసులల్ల నిద్రపోయేటోడు సుత ఉన్నడు. నీలోపల ముందుగాల వాడు దొరికిండు, ఇగ మిగిలినోళ్లను దేవులాడు" అంది.