కుడివైపు చూడవలసిన పెద్దాయన

మనిషి ఎటు చూడాలన్న విషయంలో అట్టగారంత పట్టుదల చూపినవారు మానవజాతి చరిత్రలో మరొకరు లేరని చెప్పడానికి ఆధారాలు లేవు. ఉన్నారని చెప్పడానికీ లేవు. ఆయన ఒక సంగీత మాసపత్రికకు ముఖచిత్రాలు కూర్చేవారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేక, ఆఫీసులో అందరూ అట్టగారనే పిలిచేవారు.

అట్ట మీది మనిషి కుడివైపే చూడాలన్నది ఆయన సిద్ధాంతం. ఎడమవైపు పత్రిక వీపు, పిన్నులు ఉంటాయి. అటు చూసే మనిషి అలిగి గోడకు తిరిగినట్టుంటాడు. కుడివైపు చూస్తే, పేజీ తిప్పండి బాబూ అని పిలిచినట్టుంటుంది. అందుకే ఏ మహానుభావుడైనా ఎడమవైపు చూస్తూ ఫొటోలో దొరికితే, అట్టగారు కంప్యూటరు మీద ఒక్క నొక్కు నొక్కి, అద్దంలో చూసినట్టు బొమ్మను తిరగేసేవారు. ఇన్నాళ్లూ పేచీ రాలేదు. అట్టకెక్కినవాళ్లంతా గాయకులు. నోరు మొహానికి నడిమధ్యన ఉంటుంది కనుక, ఎటు తిప్పినా పాడుతున్నట్టే ఉండేది.

సిద్ధాంతం ఇంటికీ పాకింది. హాల్లో అత్తగారి ఫొటో వీధిగుమ్మం వైపు చూస్తోందని దాన్ని ఎదురుగోడకు మార్చారు.

“కూర మాడినప్పుడల్లా మా అమ్మ వంటింట్లోకి తొంగి చూస్తున్నట్టుంది. తీసెయ్యండి” అంది భార్య.

“లోపలికి చూస్తుంటే ఇంటిమనిషిలా ఉంటుందే.”

“ఆవిడ బతికున్నప్పుడు, వచ్చిన మర్నాడే తిరుగు ప్రయాణమెప్పుడని అడిగిన పెద్దమనిషి మీరేనా?”

అట్టగారి కోరిక ఒక్కటే. పత్రిక లోపలి పేజీలో సంపాదకుల పేరుంటుంది, అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా ఉంటుంది. ముఖచిత్రం కూర్చినవారి పేరు మాత్రం ఉండదు. దాంతో తోడల్లుడు, ఈయన అక్కడ పార్సిళ్లు కడతాడని చుట్టాలందరిలో ప్రచారం చేసిపెట్టాడు.

ఒకరోజు సంపాదకులవారు పిలిచారు. “ఈసారి వయొలిన్ పెద్దాయన మీద ప్రత్యేక సంచిక. ఆయన సంగతి తెలుసుగా, ముందువరసలో ఎవరో దగ్గారని కచేరీ ఆపేసి ఇంటికెళ్లిపోయిన మనిషి. ఆయనచేత మాట పడకుండా గట్టెక్కామా, వచ్చే నెల మీ పేరు వేస్తాను.”

ఫొటో వచ్చింది. పెద్దాయన కళ్లు అరమూసి, తన్మయత్వంతో, ఎడమవైపు చూస్తున్నారు. అట్టగారు నొక్కు నొక్కారు.

సంచికలు దుకాణాలకు వెళ్లిపోయాక, ప్రూఫులు దిద్దే అక్కయ్య తన కాపీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“అట్టగారూ, పెద్దాయనకి ఎడమచేతి వాటం ఎప్పుడొచ్చిందండీ?”

అట్టగారు చూశారు. వయొలిన్ కుడి భుజం మీద ఉంది. కమాను ఎడమచేతిలో ఉంది. పైప్రాణాలు పైనే పోయాయి.

అంతలో సంపాదకులవారు గదిలోంచి పరుగున వచ్చారు. “కొంప ముంచారు కదండీ! పెద్దాయన ఫోను చేశారు, ఇటే వస్తున్నారు.”

“ఎందుకటండీ?”

“చెప్పలేదు. ఆ అట్ట వేసిందెవరని మాత్రం అడిగారు.”

అట్టగారు పాత సంచికల కట్టల వెనక్కి వెళ్లి నిలబడ్డారు. ప్రశాంతంగా ఆలోచించుకోవడానికి ఆఫీసులో అంతకంటే అనువైన చోటు లేదని అప్పుడే తోచింది.

పెద్దాయన పత్రిక చుట్టచుట్టి పట్టుకుని వచ్చారు. “ఎవరయ్యా ఇది వేసింది?”

పత్రికలోని ప్రతి తప్పుకూ తనదే బాధ్యతని ప్రతి సభలోనూ చెప్పే సంపాదకులవారు, వేలితో కట్టలవైపు చూపించారు.

“నేనేనండి” అంటూ అట్టగారు బయటికొచ్చారు.

“ఇలా రా. నాకు ఫొటో తీయనివాడంటూ లేడు. ఏది చూసినా ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టే ఉండేది. ఇదయ్యా నేనంటే! ఈ పాపిడి చూడు, ఈ కమాను పట్టు చూడు! రోజూ పొద్దున్నే నిలువుటద్దం ముందు సాధన చేస్తానా, అందులో కనబడే మనిషి అచ్చం ఈయనే!”

గదిలో అందరికీ ఒక్కసారే వెలిగింది. అద్దంలో మనిషి కమాను పట్టేది ఎడమచేత్తోనే. సంపాదకులవారు జ్ఞానబోధకు నోరు తెరవబోయారు. అక్కయ్య ఆయన కాలు తొక్కింది.

“ఏం కెమెరా అయ్యా అది?”

“కెమెరా మామూలుదేనండి. అంతా నొక్కడంలోనే ఉంది” అన్నారు అట్టగారు, అబద్ధమాడకుండా.

సంపాదకులవారు మాట నిలబెట్టుకున్నారు. మరుసటి సంచిక లోపలి పేజీలో, ప్రెస్సు పేరుకు పైన, ముఖచిత్రం అన్న మాట పక్కన, అట్టగారి అసలు పేరు ఇంటిపేరుతో సహా అచ్చయింది. భార్య కట్టెడు కాపీలు తెప్పించి చుట్టాలందరికీ పంపింది. తోడల్లుడికి రెండు పంపింది.

ఆ నెల అట్ట మీద సీలింగు ఫ్యాన్ల ప్రకటన వేశారు. దాన్ని కంపెనీవాళ్లే తయారు చేసి పంపారు.