వెనక సీట్లో హార్మోనియం, క్యారీలో మామ్మగారు

మా చర్చి పిల్లలు మొన్న న్యూజెర్సీలోని మా ఐసెలిన్ నుంచి క్యారీకి కార్లో బయల్దేరబోతూ, దారిలో ఎక్కడెక్కడ ఆగితే బాగుంటుందో చెప్పమని నన్ను అడిగారు. చేతిలో ఫోన్ ఉండగా నన్నడగడం దేనికో తెలియదు గానీ, అడిగాక చెప్పకుండా ఊరుకునే నోరు కాదు నాది. ఆ దారిన నేను మొదటిసారి వెళ్ళింది 1983 వేసవిలో. వెళ్ళడానికి కారణం గ్రేస్. తనూ నేనూ గుంటూరులో కలిసి నర్సింగ్ చదివాం. నేను న్యూజెర్సీలో పడ్డాను, తను భర్త ప్రసాద్‌కి మందుల కంపెనీలో ఉద్యోగం రావడంతో నార్త్ కరోలినాలోని క్యారీ చేరింది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "కరుణా, మా అత్తయ్య తిరిగి ఊరికి వెళ్ళిపోతానంటోంది. వచ్చే శనివారం దాటితే టిక్కెట్టు ఖాయం చేసేస్తారు" అని ఏడ్చేసింది.

ఆ అత్తయ్యగారే మరియమ్మ గారు, మా అందరికీ మామ్మగారు. భీమవరం దగ్గర వాళ్ళ చర్చిలో ముప్పయ్యేళ్ళు పాటలు అందుకున్న మనిషి. ఇక్కడికి వచ్చాక ప్రతి ఆదివారం అమెరికన్ చర్చిలో అర్థంకాని ప్రసంగానికి తలూపుతూ కూర్చుని, ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చునేవారట. వారం వారం మాట తగ్గిపోతోందని గ్రేస్ బెంగ. చుట్టుపక్కల ఐదు తెలుగు కుటుంబాలున్నాయి, చర్చివాళ్ళు శనివారం సాయంత్రం ఆరింటికి కింది హాలు ఇస్తామన్నారు, ఒక్కసారి తెలుగులో ఆరాధన పెడితే ఆవిడ మనసు మారుతుందేమోనని తన ఆశ. కానీ మామ్మగారు ఒక మెలిక పెట్టారు. "శ్రుతి లేని పాట ఉప్పు లేని పప్పు. పెట్టె లేకపోతే నేను పాడను" అన్నారు. పెట్టె అంటే హార్మోనియం. అప్పట్లో మేమెరిగిన తెలుగువాళ్ళలో హార్మోనియం ఉన్నది మా ఇంట్లోనే, వాయించేది మా ఆయన అబ్రహాం. ఇంకేం, బయల్దేరక తప్పలేదు.

శనివారం తెల్లారకముందే లేచాం. మా కారు గోధుమరంగు స్టేషన్ వ్యాగన్, పక్కలకి చెక్క రంగు పలకలు అతికించి ఉండేవి. అమెరికాలో సగం కుటుంబాలకి అదే కారు. వెనక సీట్లో హార్మోనియం పెట్టి, అబ్రహాం దానికి సీట్ బెల్టు కూడా పెట్టారు. తను పెట్టుకోలేదు. ఆ రోజుల్లో బెల్టు పెట్టుకునేవాడిని పిరికివాడనుకునేవారు. టర్న్‌పైక్ టోల్ రోడ్డు మీదుగా డెలావేర్ వంతెన దాటి, 95 నంబరు హైవే పట్టుకుని బాల్టిమోర్ సొరంగంలోంచి వాషింగ్టన్ శివార్లకి చేరేసరికి తొమ్మిదయింది. ఎక్కడికక్కడ యాభై ఐదు మైళ్ళ వేగమే. రేడియోలో శనివారం పాటల వరుస లెక్కపెడుతూ ఎవరో గలగలా మాట్లాడుతున్నాడు, పక్క కార్లో జుట్టు ఆకాశానికి దువ్వుకున్న అమ్మాయిలు స్టీరింగ్ మీద తాళం వేస్తున్నారు. ఇడ్లీలూ పచ్చిమిరపకాయ చట్నీ తింటూ నేనూ కాలితో తాళం వేశాను. అబ్రహాం మాత్రం రాత్రి పాడబోయే కీర్తనలే గొణుక్కుంటూ నడిపారు.

వర్జీనియాలో పెట్రోలు కోసం ఆగితే మాకు చిన్న పరువు తక్కువ పని జరిగింది. న్యూజెర్సీలో పెట్రోలు మనం పోసుకోకూడదు, మనిషి వచ్చి పోస్తాడు. ఆ అలవాటుతో పంపు దగ్గర కారాపి, అద్దం దించి, దర్జాగా కూర్చున్నాం. ఎంతసేపటికీ ఎవరూ రారు. చివరికి లోపలున్న ముసలాయన బయటికొచ్చి, "ఎవరికోసం చూస్తున్నారు సార్?" అని అడిగాడు.

"పోసేవాళ్ళ కోసం" అన్నారు అబ్రహాం.

"న్యూజెర్సీయా? మీవాళ్ళంతా ఇలాగే కూర్చుంటారు. దిగండి, నేర్పిస్తాను" అని నవ్వుతూ పైపు చేతికిచ్చాడు. గ్యాలను డాలరూ ఇరవై సెంట్ల లోపే. బూట్ల మీద కొంచెం ఒలకబోసుకున్నా మా ఆయన ఆ రోజంతా అది పెద్ద విద్యలా చెప్పుకున్నారు.

రిచ్‌మండ్ దగ్గర టోల్ బుట్టలోకి పావలాలు విసురుకుంటూ దాటి, పీటర్స్‌బర్గ్ తరవాత రోడ్డు పక్క ఒక చిన్న హోటల్లో భోజనానికి ఆగాం. తలుపు పక్కనే చుక్కలు మింగే పసుపు బొమ్మ ఆట మెషీను కుయ్‌కుయ్‌మంటోంది. వడ్డించే ఆవిడ గ్రిట్స్ తెచ్చిపెట్టింది. చూస్తే తాలింపు మర్చిపోయిన ఉప్మా. నేను బ్యాగులోంచి ఆవకాయ తీసి కలుపుకుంటుంటే ఆవిడ వంగి చూసి, "ఏంటమ్మా అది, నాకూ కాస్త పెట్టు" అంది. పెట్టాను. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఇది మా వంటవాడికి చూపించాలి" అంటూ స్పూనుతో సహా లోపలికి తీసుకెళ్ళింది. ఇద్దరి భోజనం ఏడు డాలర్లకి అటూఇటూ, స్పూను మాత్రం తిరిగి రాలేదు.

అక్కడి పే ఫోన్ నుంచే గ్రేస్‌కి కబురు పంపాలి. ఈ తరానికి తెలియదు కాబట్టి చెప్తాను. కలెక్ట్ కాల్ అంటే అవతలివాళ్ళు డబ్బు కట్టే కాల్. మధ్యలో ఆపరేటర్ ఉండి, "ఫలానా వారు పిలుస్తున్నారు, ఒప్పుకుంటారా?" అని అడుగుతుంది. "నో" అంటే ఎవరికీ ఖర్చు లేదు, పేరు మాత్రం చెవిన పడుతుంది. మేమంతా ఈ కిటుకుతోనే కాలక్షేపం చేశాం. గ్రేస్‌తో ముందే అనుకున్నాం: అబ్రహాం పేరు మీద కాల్ వస్తే వేళకి వస్తున్నట్టు, నా పేరు మీద వస్తే ఏదో తేడా జరిగినట్టు. అబ్రహాం నంబరు చెప్పి, ఆపరేటర్ పేరడిగితే "అబ్రహాం" అన్నారు. ఆవిడకి అర్థం కాలేదు. ఈయన ఒక్కో ముక్కా విడదీసి మళ్ళీ చెప్పారు. కాసేపటికి ఫోన్ పెట్టేసి వచ్చి, "ఎవరో పెద్దావిడ గట్టిగా నో అంది. మామ్మగారే అయ్యుంటారు. కబురు అందినట్టే" అన్నారు. నిశ్చింతగా కారెక్కాం.

85 నంబరు హైవే మీద దక్షిణానికి దిగి, హెండర్సన్ దగ్గర రూట్ వన్ అందుకుని, రాలీ దాటి క్యారీ చేరేసరికి అయిదు కావస్తోంది. దారి పొడుగునా పైన్ చెట్లే, ఊరంటే ఇదేనా అనిపించింది. నేను చీర మార్చుకోవాలని తొందరపడుతూ బెల్ కొట్టాను. గ్రేస్ తలుపు తీసింది. పాత నైటీ, వాచిన కళ్ళు. ముందు మమ్మల్నీ, తరవాత మా వెనకున్న కారునీ చూసింది.

"మీరు రావట్లేదన్నారుగా" అంది.

"ఎవరన్నారు?"

వెనకనుంచి మామ్మగారు వచ్చారు. సన్నటి మనిషి, తెల్లచీర, చేతిలో కళ్ళద్దాలు. అబ్రహాంని ఎగాదిగా చూశారు. "నువ్వే కదయ్యా చెప్పించావు. ఎవరో దొరసాని ఫోన్ చేసింది. ఏదో ఇంగ్లీషు మాట్లాడి, మధ్యలో తేటతెల్లంగా తెలుగులో 'అబ్బే, రాం' అంది. గ్రేసు నేర్పినట్టే 'నో' అని పెట్టేశాను. అంత చక్కగా తెలుగు మాట్లాడితే నమ్మనా మరి?"

నాకు రెండు క్షణాలు పట్టింది. ఆపరేటర్ నోట్లో అబ్రహాం కాస్తా అబ్-రాం. అబ్బే, రాం. గోదావరి జిల్లా మనిషికి అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? నేను మెట్ల మీదే కూలబడి నవ్వాను. గ్రేస్ ఏడుస్తూ నవ్వింది. నవ్వనిది మామ్మగారొక్కరే. ఎందుకంటే అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చిన గ్రేస్‌కి ఆవిడ "వాళ్ళు రారట" అని ఒక్క ముక్కే చెప్పారు. గ్రేస్ ఐదు కుటుంబాలకీ వద్దని చెప్పేసింది, హాలు తాళాలు తిరిగి ఇచ్చేసింది. ఆ హాల్లో ఇప్పుడు బొంతలు కుట్టే ఆడవాళ్ళ సమావేశం.

"నా మూలాన చెడింది. నేను వెళ్ళిపోవడమే మంచిది" అని మామ్మగారు గదిలోకి వెళ్ళబోయారు. ఆరు నెలలుగా తగ్గుతూ వచ్చిన మాట అక్కడితో ఆగిపోతుందేమోనని భయమేసింది.

అబ్రహాం గబగబా కారు దగ్గరికి వెళ్ళారు. వెనక సీటు బెల్టు విప్పి, హార్మోనియం ఎత్తుకొచ్చి గ్యారేజీలో బల్ల మీద పెట్టారు. ఇల్లంతా ఉక్కపోత, గ్యారేజీ తలుపు పైకెత్తితే గాలి వస్తుంది. "మామ్మగారూ, ఎండలో వచ్చింది పెట్టె, శ్రుతి చెడిందేమో మీరే వినాలి" అన్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి విన్నారు. "పై షడ్జం ఒక వెంట్రుకవాసి పలచబడింది. ఫరవాలేదు" అన్నారు.

గ్రేస్ మళ్ళీ ఫోన్ల మీద కూర్చుంది. ఒకళ్ళ లైను ఎంతకీ ఎంగేజే, వాళ్ళమ్మాయి స్నేహితురాలితో మాట్లాడుతోంది. రెండు కుటుంబాలవాళ్ళు మాల్‌కి పోయారు. మిగిలిన రెండు కుటుంబాలు మాత్రం వంట గిన్నెలతో సహా వచ్చేశాయి. ప్రసాద్ మడత కుర్చీలు వేశాడు. మేం ఇంకా మొదలుపెట్టకముందే ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. గ్యారేజీ తెరిచి, కుర్చీలు పరిచి, బల్ల మీద పాత పెట్టె పెడితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆ ట్రక్కాయన శనివారం గ్యారేజీ సేల్, అంటే ఇంట్లో పాత సామాను అమ్మకం, అనుకున్నాడు. దిగివచ్చి మామ్మగారినే అడిగాడు, "ఈ అకార్డియన్ ఎంతకి ఇస్తారమ్మా?"

"నో" అన్నారు మామ్మగారు. తనకి వచ్చిన ఒక్క ఇంగ్లీషు ముక్క అది. ఎంత ఖచ్చితంగా అన్నారంటే ఆయన టోపీ తీసేశాడు. ప్రసాద్ సంగతి చెప్పాక, కాసేపు వినొచ్చా అని అడిగాడు. ఆయన వెనకే పక్కింటావిడ లాన్ కుర్చీ తెచ్చుకుని వచ్చింది.

మామ్మగారు కళ్ళు మూసుకుని పాట అందుకున్నారు. గొంతు మొదట బొంగురుపోయింది, రెండో చరణానికి తెరుచుకుంది. అటు తర్వాత మమ్మల్ని ఎవరినీ ఆగనివ్వలేదు. తాళం తప్పిన ప్రసాద్‌ని పాట మధ్యలోనే కసిరారు. ఆ కసురు విని గ్రేస్ నా చెయ్యి పట్టుకుంది. చీకటిపడే దాకా పాడి, అందరం పులిహోరా, పక్కింటావిడ తెచ్చిన అరటిపండు పుడ్డింగూ తిన్నాం. వెళ్తారా, ఉంటారా అని మాత్రం ఆవిడని ఎవరమూ అడగలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి అదే దారిన ఇల్లు చేరాం. క్షేమంగా చేరినట్టు చెప్పాలి కదా, అబ్రహాం మళ్ళీ కలెక్ట్ కాల్ చేశారు. రిసీవరు మధ్యలో పెట్టుకుని ఇద్దరం చెవులు ఆనించాం. ఆపరేటర్ పేరు చెప్పింది, ఒప్పుకుంటారా అని అడిగింది. అటునుంచి మామ్మగారి గొంతు: "ఎస్."

మేం బిత్తరపోయాం. ఆవిడ ఆగలేదు. "అబ్బాయ్, టిక్కెట్టు వద్దని చెప్పేశాను. మాల్‌కి పోయినవాళ్ళని కూడా రమ్మన్నాను. మళ్ళీ నెల పెట్టె పట్టుకుని వస్తారా, రారా?"

"వస్తాం మామ్మగారూ."

"ఏంటీ?"

"వస్తాం, వస్తాం."

"అలా నిండుగా చెప్పాలి. పేరు చెప్పి ఊరుకుంటే ఎలా?" అని పెట్టేశారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. ఆ గ్యారేజీ చాలక మళ్ళీ హాలు అడిగారు, ఇప్పుడక్కడ తెలుగు చర్చికి సొంత గోడలున్నాయి. కొత్తచోట మనిషి నిలబడటానికి పెద్ద పెద్దవేమీ అక్కర్లేదని నాకు ఆ ప్రయాణమే నేర్పింది. తన భాషలో కసురుకోవడానికి నలుగురు దొరికితే చాలు, వేళ్ళు అవే దిగుతాయి.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. తెల్లారకముందే బయల్దేరి వాషింగ్టన్ రద్దీ తప్పించుకోండి, భోజనానికి పీటర్స్‌బర్గ్ దాటాక ఆగండి, ఆ సంగతులన్నీ మీ ఫోన్ చెప్తుంది. కానీ అక్కడ మీకోసం ఎదురుచూసే పెద్దవాళ్ళుంటే మెసేజ్ కొట్టి వదిలేయకండి, ఫోన్ చేసి నోరారా "వస్తున్నాం" అనండి. మా ఆయన ఇప్పటికీ ఎవరికి ఫోన్ చేసినా, "అబ్రహాంని, వస్తున్నాం" అనే మొదలుపెడతారు, ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా సరే.