చిన్నమ్మ వెయ్యని ఒట్టు

మా చిన్నమ్మ పోయిందని పోయిన నెల చిత్తూరులో నేను పనిచేసే బడికి టెలిగ్రాం వచ్చింది. తిరుపతి బస్సెక్కాను గానీ కుదురుగా కూర్చోలేకపోయాను. ఆమె నుంచి రాబట్టాల్సిన జవాబు ఒకటి మిగిలిపోయింది. ఇక అడగలేను. దారి పొడుగునా అదే తొలిచేస్తూ ఉండింది.

చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. మీలో కొందరికి ఆమె వేరే పేరుతో తెలిసే ఉంటుంది. డెబ్భైల్లో ఒక వారపత్రికలో, మగవాడి పేరుతో, ఇంటి గుట్ల మీద ఉత్కంఠగా సాగే సీరియళ్ళు రాసింది ఆమే. ఆ సంగతి ఇంట్లో చిన్నాయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. వంట ముగిశాక సామాన్ల గది తలుపు దగ్గరికి వేసి, పీట మీద కాగితాలు పెట్టుకుని రాసేది. సాఫుగా ప్రతి తీయడం నా పని. మధ్యలో లేచి పులుసులో ఉప్పు చూసి వచ్చి, "ఇప్పుడు వాడు తలుపు తీస్తాడు, సూడు" అని నవ్వేది. "దెయ్యాలెందుకమ్మే? ఇంట్లో మనుషులు సాలు" అనేది.

నాకు రెండేళ్ళప్పుడు మా అమ్మ విషజ్వరంతో చనిపోయిందని చెప్పారు. నాయన తల్లి అవ్వ, ఆ తర్వాత కాపురానికొచ్చిన చిన్నమ్మ నన్ను పెంచారు.

నా పద్నాలుగో ఏట చిన్నమ్మ కొత్త సీరియల్ మొదలుపెట్టింది. ఈసారి ప్రతి తీయమని నాకివ్వలేదు. అవ్వకు చూపు మందగించడంతో, పత్రిక వచ్చిన మధ్యాహ్నం నేనే చదివి వినిపించేదాన్ని. కథలో ఒక కోడలికి క్షయ వస్తుంది. ఆసుపత్రికి పంపేసి, ఆడపడుచు పెళ్ళి చెడుతుందని, ఊరికి మాత్రం ఆమె చనిపోయిందని చెబుతారు. మా వీధి వీధంతా దాని గురించే మాట. పదో వారం, జబ్బు నయమైన కోడలు సంచీ పట్టుకుని గేటు ముందు నిలబడుతుంది. అత్త గడియ తీయదు. "నీ బిడ్డకు నువ్వు సచ్చిపోయినావని చెప్పినాము. దాని మేలు కోరితే పో" అంటుంది.

"ఆపు" అంది అవ్వ. ఆమె చేతిలోని వక్క కింద పడింది. "ఇది రాసినోడు ఎవుడు?"

చిన్నమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "ఎవురో అత్తా. మనకేం తెలుస్తాది?"

ఆ పత్రిక ఇంక గడప తొక్కకూడదంది అవ్వ. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన నాయన, సంగతి విని, అంగీ కూడా విప్పకుండా మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

నాకేమీ అర్థం కాలేదు. గిన్నెలు తోముతున్న చిన్నమ్మను అడిగాను. "చిన్నమ్మా, ఆ పాపకు నిజం తెలుస్తాదా?"

"తెలిస్తే ఏం చేస్తాదంటావు?"

"పోయి వాళ్ళమ్మను సూస్తాది. ఇంకేం చేస్తాది?"

ఆమె తోముతున్న గిన్నెను వదిలేసి చేతులు కడుక్కుంది.

మూడో రోజు నా మణికట్టుకు గుడ్డ చుట్టి, పాప కొళాయి దగ్గర జారిపడిందని, పుత్తూరులో ఎముకల వైద్యుల దగ్గర కట్టు కట్టించుకొస్తానని అవ్వకు చెప్పింది. నొప్పి లేని చేతిని ఎత్తి పట్టుకుని బస్సెక్కాను. రేణిగుంట దాటాక చెప్పింది. కొన్నేళ్ళ కిందట, పేరు లేకుండా పుత్తూరు చిరునామా మాత్రమే ఉన్న కార్డు ఒకటి ఆమె చేతికందింది. 'పాప ఎట్లుండాది?' అని ఒకటే మాట. నిలదీస్తే చిన్నాయన, మా అమ్మ బతికే ఉందన్న నిజం చెప్పి, ఎవరితోనూ అననని ఒట్టు వేయించుకున్నాడు.

"చెప్పనని ఒట్టేసినాను. రాయనని యెయ్యలేదు" అంది. కిటికీ వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పనూ చెప్పేసినాను" అంది.

నాకు బస్సు దిగి పారిపోవాలనిపించింది.

మా అమ్మ ఒక బడిలో ఆయాగా పనిచేస్తూ ఒంటి గదిలో ఉంటోంది. సన్నటి మనిషి. నన్ను చూసి ఎవరని అడగలేదు. "చేతికేమైందమ్మా?" అంటూ గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. చుట్టు వెనక చుట్టు. లోపల దెబ్బ లేదు, వాపు లేదు. ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, మొహానికి ఆనించుకుని ఏడ్చింది.

కట్టు మార్చాలంటూ ఆ ఏడు మరో మూడుసార్లు వెళ్ళాం. ఆఖరిసారి తిరిగొచ్చాక అవ్వ నా మణికట్టు తడిమింది. "ఇంకా అతుక్కోలేదా ఎముక?" అని, కాస్త ఆగి, "దానికి దగ్గు తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను. అవ్వ పోయేదాకా ఆ మాట మళ్ళీ రాలేదు. అమ్మను ఇంటికి రమ్మని ఎవరూ అనలేదు.

సీరియల్లో మాత్రం ఆ కోడలు చివరికి చచ్చిపోయింది. ఎందుకట్లా చంపినావని అడిగితే, "ఆడ సంపితేనే ఈడ ఎవురూ ఎతకరు" అంది చిన్నమ్మ. ఆ తర్వాత ఆమె ఒక్క వాక్యం కూడా రాయలేదు. పత్రిక వాళ్ళు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. అవ్వకు మాటిచ్చి మానేసిందా? నన్ను పుత్తూరు పోనిచ్చినందుకు బదులుగా రాతను వదులుకుందా? ఎప్పుడడిగినా "పని తెమలదు పాపా" అనేది. నేను నమ్మలేదు. నమ్మి ఉంటే ఇవాళ ఇంత అలజడి ఉండేది కాదు.

చిన్నమ్మ పోయిన మూడో రోజు పుత్తూరు వెళ్ళాను. అమ్మకు నేనే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు. చెప్పగానే, అన్నం వడ్డించబోతున్న అమ్మ గంటె పక్కన పెట్టింది.

"ఉండు పాపా. నా తోడికోడలు గదా, నాకూ మైలే."

పెరట్లోకి పోయి, కట్టుకున్న చీరతోనే తొట్టి దగ్గర నిలబడింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, నెరిసిన జుట్టు మొహానికి అంటుకుపోతుంటే, చెంబు వెనక చెంబు ముంచి తల మీద పోసుకుంటూనే ఉంది.