మొదట్నుంచి చెప్పవోయ్

మా బావగారు ఎవరినీ గుర్తుపట్టేవారు కాదు. కళ్ళు బాగానే ఉండేవి, బుర్ర అంతకన్నా బాగుండేది. అయినా గుర్తుపట్టడం పద్ధతి కాదనేవారు. ఆయన పోయి నలభై రోజులైంది. ఇప్పటికీ నేను ఎవరికైనా ఫోన్ చేస్తే నా పేరు, ఏం పనో, కిందటిసారి మాట ఎక్కడ ఆపామో ఏకబిగిన అప్పజెప్పేస్తాను. అవతలివాళ్ళు నవ్వుతారు. అప్పుడు గుర్తొస్తుంది, అవన్నీ అడిగే మనిషి ఇక లేడని.

ఆయన సర్వర్లకి ప్రోగ్రాములు రాసేవారు. ఊళ్ళోని గ్రంథాలయాలన్నీ పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునేది ఆయన సర్వర్ మీదే. నేనేమో కథలు రాసుకునేవాణ్ణి. నాకు తన పని అర్థమయ్యేలా చెప్పాలని ఆయనకి మహా తాపత్రయం.

"చూడవోయ్, నా ప్రోగ్రాము ఏదీ మనసులో పెట్టుకోదు. అడిగినదానికి జవాబిచ్చి చేతులు దులుపుకుంటుంది."

"మరి నిన్న వచ్చినవాడే ఇవాళ మళ్ళీ వస్తే?"

"వాడి చేతిలో చీటీ ఉంటుంది. ఎవరో, ఎంతవరకు వచ్చాడో దాన్నిబట్టి తెలుస్తుంది. దాన్నే సెషన్ అంటాం."

"చీటీ పారేసుకుంటే?"

"మళ్ళీ మొదట్నుంచి చెప్తాడు. నోరుందిగా!"

పుస్తకం తిరిగొస్తే ప్రోగ్రాములో ఏ ముక్క పలకాలి, గడువు దాటితే ఏ ముక్క పలకాలి, అంతా ముందే నమోదు చేసిపెట్టేవారు. ఆ ముక్కల్ని హ్యాండ్లర్లు అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో, పిల్లలకి పెళ్ళిళ్ళు కుదిర్చిన తండ్రికి ఉండేంత నిశ్చింత.

ఇదంతా ఆఫీసులో ఉన్నన్నాళ్ళు ఎవరికీ బాధ లేదు. ఆరేళ్ళ కిందట ఇంటికి పట్టుకొచ్చారు. ఒకరోజు వాళ్ళ మూడో అంతస్తు వాటా తలుపు మీద కాగితం వెలిసింది. "బెల్లు కొట్టినవారు చెప్పవలసినవి: ఎవరు? ఏం పని? కిందటిసారి ఎక్కడ ఆపాం?" పాలవాణ్ణి, పేపరువాణ్ణి, ఇస్త్రీ మనిషిని, కింది వాటా పిన్నిగారిని ఒక నోటుపుస్తకంలో నమోదు చేసుకుని, ఒక్కొక్కరినీ గుమ్మంలో నిలబెట్టి పాఠం అప్పజెప్పించుకున్నారు.

"నేను పాలవాణ్ణండి. పాలు పొయ్యడానికొచ్చానండి. నిన్న అరలీటరు దగ్గర ఆపామండి." పొద్దున్నే మెట్లమీద ఈ పాట వినిపించాక గానీ ఆ మేడలో ఎవరికీ తెల్లవారేది కాదు.

కాగితం వెలిసిన సంగతి తెలియక నేను మామూలుగా వెళ్ళాను.

"ఎవరు?"

"నేనే బావగారూ."

"నేనే అని అందరూ అంటారు."

"మీ బావమరిదిని! పాతికేళ్ళుగా!"

"ఆ సంగతి నీ దగ్గరుంది. నా దగ్గరికి పంపాలిగా!"

ఆయన భుజం వెనక మా అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "చెప్పెయ్యరా బాబూ. లేకపోతే గుమ్మంలోనే నిలబెడతారు."

మరుసటిసారి కక్షకొద్దీ నా పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నాకు మాటలు ఆలస్యంగా రావడం దాకా విని, ఆపమన్నారు. "పనికి కావలసిందే తేవాలోయ్. అక్కర్లేని బరువు ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టకూడదు."

ఆఫీసులోనూ అదే తంతు. పదకొండేళ్ళుగా ఎదురు బల్ల దగ్గర కూర్చునే మేనేజరు వచ్చి, "ఆ పని అయిందా?" అన్నాడట.

"మీరెవరు?"

"నీ మేనేజర్ని!"

"సంతోషం. ఏ పని?"

"నిన్న చెప్పిందేనయ్యా!"

"నిన్నటిది నిన్నే దులిపేశాను సార్."

ఒక మధ్యాహ్నం సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్ళీ లేచింది. ఎవరి చీటీ వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి, గ్రంథాలయాల్లో ఒక్కరికీ ఆ సంగతే తెలియలేదు. మేనేజరు ఈసారి కాళ్ళు దగ్గరపెట్టి నిలబడ్డాడు. "నేను మీ మేనేజర్ని. మెచ్చుకోవడానికి వచ్చాను. కిందటిసారి తిట్లదగ్గర ఆపాం."

గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరితే, రెండు రోజుల్లో నర్సుకీ నేర్పేశారు. ఆవిడ సూది పట్టుకుని గుమ్మంలోంచే అప్పజెప్పుకుంటూ వచ్చేది. నేనూ అప్పజెప్పాను. "మీ బావమరిదిని. చూడ్డానికొచ్చాను. నిన్న మీ ఆయాసం దగ్గర ఆపాం."

"చూశావుగా. ఇక మీ అక్క దగ్గరికి వెళ్ళు." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "బెల్లు కొట్టి, పద్ధతిగా చెప్పి వెళ్ళు."

ఇప్పుడు కూడా పద్ధతేనా అని నవ్వొచ్చింది. ఆయనతో అదే నా ఆఖరి నవ్వు.

ఆయన్ని సాగనంపి వచ్చిన సాయంత్రం అక్క అంది, "పాపం మీ బావగారికి ఒట్టి మతిమరుపురా. ఎవరొచ్చినా మొదట్నుంచి చెప్పాల్సిందే. నేను పక్కనుండి నెట్టుకొచ్చాను." అవునక్కా అన్నాను. వచ్చినవాళ్ళంతా అలవాటుకొద్దీ ఎవరో, ఎందుకొచ్చారో చెప్పి మరీ ఏడ్చి వెళ్ళారు. అందరూ వెళ్ళిపోయాక తలుపు మీది ఆయన చేతిరాత చూడలేక, కాగితం పీకి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు అక్క కళ్ళజోడు కాడ విరిగితే బాగుచేయించడానికి తీసుకెళ్ళాను. ఆ మరుసటి రోజు పట్టుకుని వచ్చేసరికి తలుపు తీసే ఉంది. బెల్లు కొట్టలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి, "ఇదిగో" అని చెయ్యి చాపాను.

అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. మర్యాదగా నవ్వింది.

"రండి, కూర్చోండి. ఆయన ఇంట్లో లేరండీ."

ఇంతలో బెల్లు మోగింది.

"నేను కింది వాటా పిన్నినమ్మా. రాత్రి నీకు తోడు పడుకున్నాను. పల్చటి దుప్పటి కావాలన్నావు, తెచ్చాను."

అక్క మొహం తేటపడింది. "రా పిన్నీ, రా. ఈయనెవరో ఆయన కోసం వచ్చారు."

దుప్పటి అక్క చేతికిచ్చి, పిన్నిగారు నా పక్కనుంచి పోతూ మెల్లిగా అన్నారు. "బయటికెళ్ళి బెల్లు కొట్టి రా బాబూ."

బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. ఆరేళ్ళ కిందట, కాగితం వెలిసిన ఏడే, లెక్కల టీచరుగా ఉన్న అక్క ఉద్యోగం మానేసింది. మోకాళ్ళ నొప్పులని బావగారు చెప్పారు. రోజూ మూడంతస్తులు ఎక్కి దిగే మనిషికి మోకాళ్ళ నొప్పులేమిటని నేను అడగలేదు. మరిచిపోతున్నది ఆవిడైతే, ఆ మతిమరుపు తన పేరు మీద రాసుకుని, ఆయన ఊరందరిచేతా తిట్లు తిన్నారు. ఆవిడ మాత్రం వెనక నిలబడి, అన్నీ వింటూ, హాయిగా నవ్వుకుంది.

కళ్ళు తుడుచుకుని లేచి బెల్లు కొట్టాను. అక్కే వచ్చింది.

"అక్కా, నేను నీ తమ్ముణ్ణి. నీ కళ్ళజోడు తెచ్చాను. నిన్న కాడ విరిగితే బాగుచేయిస్తానని పట్టుకెళ్ళాను."

బావగారు లేరన్న మాట కూడా నోటిదాకా వచ్చింది. పనికి కావలసిందే తేవాలి కదా. మింగేశాను.

"అబ్బ, ఏం ఉపన్యాసంరా! నా తమ్ముణ్ణి నేను గుర్తుపట్టనా?" అక్క కళ్ళజోడు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "మీ బావగారి రోగం నీకూ అంటుకుంది." తలుపు వైపు చూసి నొసలు ముడిచింది. "ఇక్కడి కాగితం ఎవరు పీకారు? ఆయన చూస్తే ఊరుకోరు."

"నేనేనక్కా. మళ్ళీ అంటించేస్తాను." జేబులోంచి తీసి మడతలు విప్పాను. "జిగురు సీసా ఎక్కడుంది?"

"బీరువాలో, ఎడమవైపు రెండో అరలో, సూదుల డబ్బా వెనక," అంది అక్క తడుముకోకుండా.

అక్కడే ఉంది.