కొలువులో పెట్టిన హోపీ బొమ్మ

ఈ కంగారూల దేశంలో మేముండే పాయింట్ కుక్ కమ్యూనిటీ హాల్లో హోపీల గురించి ఆరు శనివారాల వర్క్‌షాప్ ఉందని నా కూతురు ఫోనులో చూపించినప్పుడు, హోపీలంటే ఎవరో నాకు తెలియదు. అమెరికాలో, అరిజోనా ఎడారిలో, చుక్క నీరు కరువైన చోట మొక్కజొన్న పండించుకుని బతికే ఆదివాసులని తనే చెప్పింది. యూనివర్సిటీలో, ఇక్కడి మాటలో యూనిలో, ఆంత్రోపాలజీ చదువుతోంది. పెద్దయ్యాక తను నన్ను ఎక్కడికైనా రమ్మని పిలవడం అదే మొదలు. హోపీలెవరైతే నాకేం, పిల్ల పిలిచిందని వెళ్లాను.

చెప్పేది ఒక పెద్దావిడ, హోపీ మనిషే. ఇక్కడాయన్ని పెళ్లి చేసుకుని వచ్చి ముప్ఫై ఏళ్లయిందట. మొదటిరోజే బుట్ట తిప్పి అందరి ఫోన్లూ అందులో వేయించారు. ఏమీ రాసుకోవద్దన్నారు. "చెప్పగలిగినవి చెబుతాను. కొన్ని నాకే తెలియవు. కొన్ని తెలిసినా, చెప్పే హక్కు నాకు లేదు. వాటిని గుచ్చి గుచ్చి అడగొద్దు," అన్నారు. నాకు ఒళ్లు మండింది. క్లాసులో ప్రతి ముక్కా నోట్సు రాసుకుని పెరిగినదాన్ని. చెప్పకూడదనుకుంటే వర్క్‌షాప్ పెట్టడం దేనికి?

పైగా నా నోరు ఊరుకుంటేగా. ఆవిడ ఏం చెప్పినా "ఇది మాకూ ఉంది" అనేదాన్ని. వాన కోసం ప్రార్థనలంటే, మాకు వరుణయాగం ఉందన్నాను. మనమున్నది నాలుగో లోకమని వాళ్లు నమ్ముతారంటే, మా యుగాలూ నాలుగేనన్నాను. నా కూతురు బల్లకింద నా కాలు తొక్కేది. ఆవిడ మాత్రం ఓపిగ్గా విని, "కావచ్చు. ముందు మాది వినండి," అనేవారు.

నాలుగో శనివారం కాచినా బొమ్మల గురించి చెప్పారు. వాన తెచ్చి పంటను కాచే ఆత్మల రూపాలట అవి. చెట్టు వేరును చెక్కి, మట్టి రంగులు వేసి, ఆడపిల్లలకి ఇస్తారట, చూస్తూ నేర్చుకోమని. "ఇవి దేవుళ్లు కావు, ఆటబొమ్మలూ కావు. వీటికి మేం పూజ చేయం," అని రెండుసార్లు చెప్పారు. నా కూతురు రెప్ప వేయకుండా వింది. అందరూ వెళ్లాక ఆవిడ తన తమ్ముడు చెక్కిన జానెడు బొమ్మని సంచిలోంచి తీసి నా కూతురి చేతిలో పెట్టారు. "ఇది నీకు," అన్నారు. ఇంటికొచ్చేదాకా కారులో పిల్ల దాన్ని ఒళ్లోంచి దించలేదు.

ఆ వారంలోనే దసరా వచ్చింది. మా ఇంట్లో ఏటా బొమ్మల కొలువు పెడతాను. పేరంటానికి వచ్చినవాళ్లు ఇంతవరకు చూడని బొమ్మ ఒకటైనా ఉండాలని నాకు పిచ్చి. కిందటేడు ఊరికి అటుచివర క్రెయిగీబర్న్‌లో ఒకావిడ మెట్లనిండా కంగారూలు, కోలాలు పెట్టి అందరి నోటా తానే అయింది. ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు. నా కూతురు యూనికి వెళ్లిన పూట తన గదిలోకి వెళ్లి, ఆ బొమ్మ తెచ్చి, మూడో మెట్టుమీద కృష్ణుడి పక్కన పెట్టాను. కొలువులో ఉన్న బొమ్మ నుదురు బోసిగా ఎలా ఉంచుతాం? నా బుద్ధి గడ్డి తిని, వేలు తడిచేసుకుని కుంకుమ బొట్టు పెట్టాను.

పేరంటాళ్లు మూగారు. "ఈ దేవుడెవరండీ?" అంది ఒకావిడ.

"వాళ్ల వాన దేవుడు. మన వరుణుడే అనుకోండి," అన్నాను, దేవుళ్లు కావని రెండుసార్లు విన్నదాన్నే. హారతి కూడా ఇచ్చాను.

సాయంత్రం నా కూతురు వచ్చి మెట్లముందు నిలబడిపోయింది. "అమ్మా, సీరియస్‌లీ? నన్ను అడిగావా అసలు? శాటర్‌డేకి ఆంటీ వస్తున్నారు." వర్క్‌షాప్ ఆవిడని కొలువు చూడటానికి పిలిచింది నేనే.

"బొట్టేగా, తుడిచేస్తాలే," అని తడిగుడ్డ తెచ్చాను. కుంకుమ వచ్చింది. దాంతోపాటు తెల్లరంగు వచ్చింది, ఒక కన్ను వచ్చింది. సగం మొహం ఉత్త చెక్క. నా కూతురు బొమ్మని నా చేతిలోంచి తీసుకుని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అరిచి గోల చేసినా బాగుండేది.

శనివారం క్లాసు అయ్యాక, మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చారు. ఒక్కో మెట్టూ చూసి, ఒక్కో బొమ్మా ఎవరని అడిగారు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. తర్వాత నా కూతురి వైపు తిరిగి, "నీ బొమ్మ ఎలా ఉంది?" అన్నారు.

"యూనికి తీసుకెళ్లిందండీ, ఫ్రెండ్స్‌కి చూపించడానికి," అని నేనే అందుకున్నాను. పిల్ల శనగల పళ్లెం పట్టుకుని నా వైపు ఒక్కసారి చూసింది. ఆవిడ "మంచిది," అని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. అబద్ధమాడింది చాలక పిల్లని కూడా అందులోకి లాగాను.

ఆఖరి శనివారానికి పిల్ల రాలేదు. ఒక్కదాన్నే వెళ్లాను. ఆవిడ మొహం చూడటానికి మొహం చెల్లలేదు. క్లాసయ్యాక కుర్చీలన్నీ మడతపెట్టేదాకా ఆగి, బొట్టు, హారతి, తడిగుడ్డ, అబద్ధం అన్నీ చెప్పేశాను. ఏడుపు ఆగలేదు. క్షమించమన్నాను.

"మా తమ్ముడు వింటే బాధపడతాడు," అన్నారావిడ. "కానీ అది నాది కాదు. నీ కూతురికి ఇచ్చేశాను. ఈ క్షమించమన్న మాట తనకి చెప్పావా?"

చెప్పలేదు. అసలు తట్టనే లేదు. పెంచి పెద్దచేసిన పిల్లకి తప్పైందని చెప్పడం మా ఇళ్లలో ఎక్కడుంది? మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. తనకి పందొమ్మిదేళ్లొచ్చాయి, నేనూ ఒక్కసారి చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి తను వంటింట్లో టీ పెట్టుకుంటోంది. చెప్పులు విప్పకుండానే చెప్పాను. "నీ గదిలోకి వెళ్లి, నిన్నడక్కుండా నీ వస్తువు తీశాను. పాడుచేశాను. నీ ఎదురుగానే అబద్ధమాడాను. తప్పు నాదేనమ్మా."

తను స్టవ్ ఆపింది. నా వైపు తిరగకుండానే అంది.

"స్కూల్లో ఇయర్ ఎయిట్‌లో ఉన్నప్పుడు నా డైరీ చదివావు కదా అమ్మా. దానికి కూడా ఎప్పుడో సారీ చెబుతావని వెయిట్ చేశాను."

ఆ సంగతి తనకి తెలియదనే ఇన్నేళ్లూ అనుకుంటున్నాను.